వెంకటేశం మామ వద్దన్న మిషన్

కిష్టారెడ్డిపేట,
3 ఆగస్టు 2025

వెంకటేశం మామకు,

నీ చెవులు పూర్తిగా పోయినప్పటి నుంచి నీతో మాట్లాడాలంటే ఈ ఉత్తరమే దిక్కయింది. వాట్సాప్ పెట్టుకో అంటే "అండ్ల అందరి అక్షరాలు ఒక్క తీరే ఉంటయి, మనిషి కనవడడు" అంటావు. సరే, రాస్తున్నాను. అక్షరాలు వంకర పోయాయని మాత్రం తిట్టకు. నిషిత ఒళ్ళో కూర్చుంది. మూడేళ్ళు నిండినా ఒళ్ళు దిగదు.

మామా, నాకొక సలహా కావాలి. దుకాణం పెట్టి మూడేళ్ళయింది కదా. ఇప్పటికీ డిజైన్ నాది, ప్రింటు పటాన్‌చెరులో ఇంకొకరిది. వాళ్ళు ఎప్పుడిస్తే అప్పుడే. మొన్న ఒకరి దశదినకర్మ ఫ్లెక్సీ భోజనాలన్నీ అయిపోయాక వచ్చింది. ఆ ఇంటి పెద్దకొడుకు నన్ను ఒక్క మాట అనలేదు. చుట్టుకొని చంకలో పెట్టుకొని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

అందుకని సొంత మిషన్ కొందామని అనుకుంటున్నాం. రెండు చూశాం. ఒకటి సంగారెడ్డిలో మూసేస్తున్న దుకాణంలోది, వాడిన మిషన్. పదడుగుల వెడల్పు. గంటలో గోడంత ఫ్లెక్సీ కొట్టి పడేస్తుంది. రంగు వాసన కొంచెం ఘాటు. రెండోది బాలానగర్‌లో కొత్తది. ఐదడుగులే. నిదానం, ధర ఎక్కువ. కానీ అది ప్రింటు వేసి, బొమ్మ అంచు వెంబడి అదే కోసి స్టికర్ చేతికిస్తుంది. ఎలక్షన్లు వస్తున్నాయి, పదడుగులదే కొనమని మా ఆయన అంటున్నాడు. అనిల్‌కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఉద్యోగం, ఎప్పుడు పోతుందో తెలియదు.

ఒక్కసారే కొనగలం మామా. తప్పు మిషన్ కొంటే దుకాణమే ఉండదు. బాగా ఆలోచించి చెప్పు.

నీ కోడలు,
రవళి

కొండాపూర్,
11 ఆగస్టు 2025

రవళి బిడ్డా,

నీ ఉత్తరం సదివితే పేపర్ల వార్త సదివినట్టున్నది. మా అక్క బిడ్డ డిగ్రీ సదివింది మరి, ఏమంట నేను? నేనైతే మాట్లాడినట్టే రాస్త. నీ 'ళ' ఇంకా నడుము ఇరిగినట్టే ఉన్నది. పేర్లనే 'ళ' పెట్టుకొని అది రాయరాకపోతే ఎట్ల?

ఈడ మన ఊర్ల వానలు మంచిగనే పడ్డయి. పత్తి మోకాలెత్తు వచ్చింది. మీ అత్త ముత్యమ్మ కాళ్ళ నొప్పులంటది, మల్ల నాకంటె ముందుగాల చేన్ల ఉంటది.

మిషన్ ముచ్చట. పదడుగులది వద్దు. కోసే మిషన్ తీస్కో. ఫ్లెక్సీ ఎవడన్న కొడ్తడు. నీకు అక్షరం కొలత ఎరుక, నేను నేర్పిన. కంపెనీలల్ల బోర్డులుంటయి, పైపుల మీద బాణాలుంటయి, డేంజర్ బొమ్మలుంటయి. గవి సన్న పనులు, కోసే మిషన్‌తోనే అయితయి. ఇంకోటి, మీరుండేది దుకాణం ఎనకనే. నడుమ ఉన్నది ఒక్క పరదా. ఇంట్ల పసిపిల్ల ఉన్నది.

ఇగ సాలు. ఈ రెండు ముక్కలు మూడు రోజుల సంది రాస్తున్న.

నీ మామ
వెంకటేశం

కిష్టారెడ్డిపేట,
18 ఆగస్టు 2025

మామకు,

నీ సలహా చదివాను. అనిల్‌కు కూడా చదివి వినిపించాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "మీ మామ కుంచె పట్టిండు కని మిషన్ పట్టలె" అన్నాడు. నేను నీ తరఫున కొట్లాడాను. కానీ ఉన్నమాట చెప్పాలి కదా, ఆయన అన్నదాంట్లో కొంత నిజముంది.

నిన్న సంగారెడ్డి వెళ్ళి పదడుగులది నడిపించి చూశాం. ఎంత వేగమో! వినాయక మండపాల ఫ్లెక్సీలు వరసగా దిగుతున్నాయి. వాసన సంగతి అడిగితే అమ్మేవాడు నవ్వాడు. "రెండు రోజులల్ల ముక్కుకు అలవాటైతది చెల్లె, ఒక ఫ్యాన్ బిగించుకో" అన్నాడు. నువ్వేమో పెద్ద భూతాన్ని చూసినట్టు రాస్తావు. ముప్పై ఏళ్ళు కంపెనీల్లో థిన్నర్ వాసన పీల్చావు కదా, నీకేమైంది? గుండ్రాయిలా ఉన్నావు!

ఈ వినాయక చవితికి నేను పోగొట్టుకున్న పని తలుచుకుంటే కడుపు మండిపోతోంది. వచ్చే ఆదివారం సంగారెడ్డివాళ్ళకు మాట ఇద్దామనుకుంటున్నాం. నువ్వు ఊఁ అంటే నాకు ధైర్యం.

అత్తను చేన్లోకి పోవద్దని చెప్పు. నిషిత నీకు ముద్దు పెట్టింది, కాగితం మీద తడి అదే.

రవళి

కొండాపూర్,
23 ఆగస్టు 2025

రవళికి,

ఊఁ అనను. ఆ మిషన్ తేవద్దంటె తేవద్దు. అది నీ ఇంట్ల దిగిననాడు నీకు మామ లేడనుకో.

వెంకటేశం

కిష్టారెడ్డిపేట,
2 సెప్టెంబర్ 2025

మామా,

లేడనుకోవాల్నా? ఎంత మాట అన్నవు మామా! అమ్మ పోయినంక నాకున్నది నువ్వొక్కనివే. గది నీకు ఎరుకే. ఎరికుండే గంత మాట రాసినవ్.

ఎందుకు వద్దో ఒక్క ముక్క చెప్పవు. వద్దంటె వద్దంటవు. ఇగ నేనే చెప్త ఇను. ఫ్లెక్సీలు వచ్చి నీ కుంచె పని తిన్నయి. పదిహేనేండ్ల కింద సంగారెడ్డిల నీ బోర్డుల మీదనే ఫ్లెక్సీలు కట్టిండ్రు. ఆనాటి కోపం నీకు ఇంకా సల్లారలె. గా పెద్ద మిషన్ నా ఇంట్లకొస్తె నీ పని తిన్నదే నాకు బువ్వ పెడ్తదని నీకు కుళ్ళు. గంతే, ఇంకేం లేదు.

సంగారెడ్డోళ్ళకు ఇంకా మాట ఇయ్యలె. నీ మొఖం సూసే ఇయ్యలె. నీకేమో మా మొఖం అక్కెర లేకపాయె.

రవళి

కిష్టారెడ్డిపేట,
22 సెప్టెంబర్ 2025

మామకు,

ఇరవై రోజులైంది, జవాబు లేదు. అత్తకు ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్నడు, పండుకున్నడు" అంటుంది. ఎప్పుడు చేసినా పడుకొనే ఉన్నావంటుంది. అలిగావని నాకు తెలుసు.

నిన్న ఎంగిలిపూల బతుకమ్మ ఆడాం. పక్కవాళ్ళంతా పాడుతుంటే నాకు నువ్వే గుర్తొచ్చావు. అందుకే నేనే ముందు దిగొస్తున్నాను. ఆ ఉత్తరం కోపంలో రాసింది, మనసులో పెట్టుకోకు.

మిషన్ ఇంకా కొనలేదు. నీ మీదే పెట్టాను. రెండు మిషన్ల మీదా ఒకే ఫైలు ప్రింటు తీయించి, చుట్టి పంపిస్తున్నాను. నీ ఫొటోనే వేశాను. ఎందుకంటావా? మిషన్ మంచిదో కాదో తేలేది మనిషి ముఖం రంగు దగ్గరే. వేరేవాళ్ళ ముఖమైతే సరిగ్గా వచ్చిందో లేదో నీకెలా తెలుస్తుంది? నీదైతే అద్దం పట్టుకొని పక్కపక్కన చూసుకోవచ్చు. వెనక 1, 2 అని రాశాను. ఏది ఏ మిషన్‌దో చెప్పను, చెబితే నువ్వు పక్షపాతం చేస్తావు.

నీ కన్ను ఏది బాగుందంటే అదే కొంటాను. ఒట్టు.

నీ కోడలు,
రవళి

కొండాపూర్,
28 సెప్టెంబర్ 2025

రవళి బిడ్డకు,

రెండు ఫొటోలు అందినయి. దండ మంచిగున్నది. బంతిపూలు నిజం పూల లెక్కనే ఉన్నయి. కింద దీపం గుడ మంచిగెలుగుతున్నది. తారీకు జాగ ఖాలీ ఇడ్సిపెట్టినవ్, మంచి పని చేసినవ్, ఎన్కకెల్లి నింపుకోవచ్చు.

ఎవరు చెప్పిండ్రు నీకు? మీ అత్తనే చెప్పుంటది. తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్న, అయినా ఆగలె. సంగారెడ్డిల డాక్టర్ ఏడాది అన్నడు, అదీ మంచిగ సూసుకుంటె. ఊపిరితిత్తులు ఎండిన బీరకాయ లెక్క అయినయట. జూన్ల చెప్పిండు. ఇంకా ఎనిమిది నెలలుండంగనే దండ ఏస్తివి బిడ్డా.

కుళ్ళు అన్నవు, పడ్డ. గిది మాత్రం నా మనసు ఓర్వలె. ఫొటో ఇప్పంగనే మీ అత్త సూసింది. రెండు దినాలాయె, బువ్వ ముట్టలె.

వెంకటేశం

కొండాపూర్,
7 అక్టోబర్ 2025

బిడ్డా,

దసరానాడు మొగడిని, పిల్లను తీస్కొని ఉరికొస్తివి. నా కాళ్ళ మీద పడి ఏడిస్తివి. నోరు కదిలింది, కండ్లు కారినయి, నాకైతె ఒక్క ముక్క ఇనవడలె. పలక తెమ్మని మీ అత్తకు సైగ చేసిన. అది తెచ్చేసరికి అనిల్‌కు డ్యూటీ టైమైందని లేస్తిరి. గంతసేపు ఏమన్నవో రాసి పంపు. నాకు కావాలె.

నేను చెప్పేది నేను చెప్త. కంపెనీలల్ల ట్యాంకుల మీద పేర్లు రాసుడు అందరికి ఎరుకే. లోపల గుడ రాసేటిది ఉంటది. నీళ్ళు ఎంతవరకు వచ్చినయో కొలత తెలువాలె గదా, గా గీతలు, అంకెలు నేనే రాసేటోన్ని. నిచ్చెన ఏసుకొని లోపలికి దిగేది. పాత రంగు గీకేది, ఆ దుమ్ము ఎటు పోవాలె? నా ముక్కులకే పోయేది. మల్ల థిన్నర్ కలిపిన కొత్త రంగు ఏసేది. పొద్దుగూకేసరికి తల తిరిగేది. పైకొచ్చి బెల్లం ముక్క నోట్లేసుకొని మల్ల దిగేది. బెల్లం తింటె దుమ్ము, వాసన అన్ని కడుపులకెల్లి పోతయని అందరం నమ్మినం. ముప్పై ఏండ్లు బెల్లమే తిన్న.

గందుకే ఆ మిషన్ వద్దన్న. వద్దంటె ఎందుకంటవు. ఎందుకో చెప్తె నా బీమారి చెప్పాలె. చెప్తె దుకాణం బందువెట్టి ఈడొచ్చి కూసుంటవు. మీ అమ్మ పోయినప్పుడు ఆర్నెల్లు పని ముట్టకపోతివి.

"ముప్పై ఏండ్లు పీల్చినవ్, నీకేమైంది" అని రాసినవ్ సూడు, గా ముక్క సదివి మస్తు నవ్విన. నవ్వితె దగ్గొచ్చి మీ అత్త లొల్లి పెట్టింది.

నీ మామ
వెంకటేశం

కిష్టారెడ్డిపేట,
12 అక్టోబర్ 2025

మామా,

ఆ రోజు నేనన్నది పెద్దగా ఏమీ లేదు. "నాకు తెల్వదు మామా, నాకెవ్వరు చెప్పలె మామా" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాను.

నిజంగా ఎవరూ చెప్పలేదు. అత్తను అనుమానించకు. పరీక్షకు ఫైలు తెచ్చుకొమ్మని మిషన్లవాళ్ళు అన్నారు. నా దగ్గర శ్రద్ధాంజలి ఫైలు ఉంది. ముఖం, పూలు, నల్లటి వెనక రంగు, సన్న అక్షరాలు అన్నీ అందులోనే ఉంటాయి, మిషన్ లోపం ఏదైనా అందులో బయటపడుతుంది. చనిపోయినాయన ఫొటోతో ఆటలాడటం పాపమని అది తీసేసి నీది పెట్టాను. శ్రద్ధాంజలి అన్న మాట తీసేశాను. ఇక అది మామూలు ఫొటోనే అనుకున్నాను. మూడేళ్ళుగా వారానికి నాలుగు చేస్తున్నాను మామా, దండ నా కంటికి ఆనడం మానేసింది. దీపం కూడా అంతే. చచ్చినవాళ్ళ పని చేసీ చేసీ బతికున్న మామకు దండ వేశాను. నా చేతులు విరిగిపోను.

కుళ్ళు అన్న మాట ఎలా వెనక్కి తీసుకోను? నోటితో అంటే నీకు వినబడకపోయేది. కాగితం మీద రాసి, స్టాంపు అంటించి మరీ పంపాను. ఆ ఉత్తరం చింపెయ్యి, నీ కాళ్ళు మొక్కుతాను.

సంగారెడ్డివాళ్ళకు వద్దని చెప్పేశాను. దసరానాడు నువ్వు మంచం మీంచి లేవడానికి పట్టిన సేపు చూసినప్పటి నుంచి అనిల్ పదడుగులదాని మాటే ఎత్తడం లేదు. బాలానగర్ మిషన్‌కే డబ్బు కడుతున్నాం.

నేను వచ్చి నీ దగ్గర ఉంటాను. వద్దనకు.

రవళి

కొండాపూర్,
21 అక్టోబర్ 2025

కోడలా,

ఉత్తరం చింపను. నీ అన్ని ఉత్తరాలల్ల దాంట్లనే అక్షరాలు కుదిరినయి. కోపంల నీ చెయ్యి వణకలె.

ఈడికొచ్చి ఉంటనంటె ఒప్పుకోను. నెలకోపారి రా, పిల్లను తీస్కొని రా, పొద్దుగూకక ముందే పో. మిషన్ కొని దానికి తాళమేసి వస్తవా ఏంది?

నిన్న దీపావళికి మీ అత్త అద్దం తుడిస్తె, ఫొటోలు పక్కకు పెట్టుకొని సూసిన. దండ కాడ చెయ్యి అడ్డం పెట్టిన. ఒకటోదాంట్ల పెండ్లికొడుకు లెక్క ఎర్రగున్న. రెండోదాంట్ల నేనే ఉన్న. చెంపల కింద నలుపు గుడ ఉన్నది. రెండోదే ఖరా, అసలైనది.

దవాఖానోళ్ళు ఇంటికి గాలి మిషన్ ఇచ్చిండ్రు. ముక్కుకు పైపు పెట్టుకోవాలె. రోజంత గుర్రుమంటదట, మీ అత్తకు నిద్ర లేదు. చెవులు పోవుడు గుడ ఒకందుకు మంచిదే అయింది. ఇగ నీకో మిషన్, నాకో మిషన్.

నీ మామ
వెంకటేశం

కిష్టారెడ్డిపేట,
26 నవంబర్ 2025

మామా,

పోయిన వారం వచ్చినప్పుడు నీ పక్కన కూర్చొని చెబుదామనుకున్నాను. నీ మొఖం చూస్తే పలక మీద రాయడానికి చెయ్యి రాలేదు. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను.

మిషన్ బాగా నడుస్తోంది. నీకు నచ్చిన రెండో కాగితం దీనిదే. నిషిత పరదా వెనక హాయిగా పడుకుంటోంది, వాసన అంతంత మాత్రమే. సర్పంచ్ ఎలక్షన్ల ఫ్లెక్సీలన్నీ వేరేవాళ్ళకు పోయాయి. అనిల్ రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు.

పది రోజుల కింద పాశమైలారంలో మందుల కంపెనీ నుంచి ప్రేమలత అనే మేడం వచ్చింది. అక్కడ ప్రమాదాలు జరగకుండా చూసే ఆఫీసరు. నూట ఇరవై ట్యాంకులు, లెక్కలేనన్ని పైపులు. అన్నిటి మీదా కొత్త పద్ధతిలో రంగు స్టికర్లు వేయాలంట. కోసే మిషన్ ఉందని విని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "పాత పెయింట్ రాతలన్నీ తీసేయాలమ్మా, కొత్తవి వేయాలి" అంది. నేను సంతోషంగా కొలతలు తీసుకోవడానికి పోయాను.

మామా, అవన్నీ నీ అక్షరాలే. మొదటి ట్యాంకు దగ్గరే గుర్తుపట్టాను. 'ప్రమాదము' అని ఎర్రగా రాసి ఉంది. ఇంకెవరూ అలా రాయరు. ఆ వరసంతా నడిచాను, చివరిదాకా నువ్వే. కొలతలు తీసుకోకుండా తిరిగొచ్చాను. తల నొస్తోందని చెప్పాను.

నా వల్ల కాదు. నీ చేతి రాత నా చేత్తో తుడవలేను, అదీ నువ్విలా ఉన్నప్పుడు. ఈ పని వస్తే రెండేళ్ళు దుకాణానికి ఢోకా లేదని అనిల్ అంటున్నాడు. నిజమే. అయినా ప్రేమలత మేడానికి సోమవారం వద్దని చెప్పేస్తాను.

నీ రవళి

కొండాపూర్,
29 నవంబర్ 2025

బిడ్డా,

ఈ ఉత్తరం పోస్టుల ఏస్తలేను. మీ అత్త తమ్మునితోని బస్సుల పంపుతున్న. సోమవారం లోపట నీకు అందాలె. గీతలు వంకర పోయినయి, ఎక్కిరియ్యకు. నాలుగు అక్షరాలకోపారి దమ్ము తీస్కుంటున్న.

వద్దని చెప్పకు. పని తీస్కో.

కోసే మిషన్ కొనుమని ఆగస్టుల రాసిన్నాడే నాకు ఇది ఎరుక. ఆ మిషన్ నీ ఇంట్లకొస్తె కంపెనీల పని వస్తది. కంపెనీల పని వస్తె ముందుగాల పోయేటియి నా రాతలే. ఎరికుండే రాసిన. నువ్వు కుళ్ళు అన్నప్పుడు గుడ గా ముక్క నా నోట్ల ఉండె, రాయలె. నాకు బాధ లేదని అబద్ధం రాయను. మస్తు బాధున్నది. ఆ ట్యాంకుల కాడనే నా దమ్మంత పోయింది, ఇగ రాతలు గుడ పోతయి. ఎవరో ఒకరు తీసేటియే. నువ్వు తీస్తె నీ పిల్లకు బువ్వయితది.

ఇగ పని చెప్త, మంచిగిను. పాత రాత మీదనే స్టికర్ అంటియ్యకు. రెండు నెలలల్ల పొక్కులు లేసి ఊడొస్తది, నీ పేరు కరాబైతది. కింద రంగు మొత్తం పోవాలె. నేను మూడు పొరలు ఏసిన, జల్దీ రాదు. పొడిగ గీకకు, నీళ్ళు కొట్టుకుంట గీకు, దుమ్ము లేవదు. మూతికి గుడ్డ కట్టుకుంటె సాలదు, డాక్టర్‌ను అడిగి మంచి మాస్కు కొను. బెల్లం గిల్లం నమ్మకు. లోపలి రాతలకు నువ్వు దిగకు, ఎవరినీ దింపకు. ఎంత పెద్ద ఆఫీసర్ చెప్పినా సరే, గది మా పని కాదను. గీకినంక సబ్బు నీళ్ళతోని కడుగు, ఒక దినం ఆరనియ్యి, అప్పుడు అంటియ్యి.

కూలోళ్ళతోని గీకియ్యకు బిడ్డా. గాళ్ళు సగం గీకి సగం ఇడ్సిపెడ్తరు. సగం మిగిలిన అక్షరం మస్తు పాడుగుంటది, నేను ఓర్వలేను. నువ్వే గీకు. ఏడ్సుకుంట గీకకు, చెయ్యి జారితె రేకు మీద గీత పడ్తది.

నీ మామ
వెంకటేశం